సీట్లు తక్కువ, హక్కుదారులు ఎక్కువ

2020 డిసెంబరు 3 రాత్రి లండన్‌లోని ఎమిరేట్స్ స్టేడియం గేట్లు తెరుచుకున్నాయి. కరోనాతో మైదానాలు మూతపడ్డాక ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్బు పోటీ మ్యాచ్‌కు మళ్లీ అభిమానుల్ని లోపలికి రానివ్వడం అదే మొదలు. ఆర్సెనల్‌కీ, ఆస్ట్రియా నుంచి వచ్చిన రాపిడ్ వియన్నాకీ మ్యాచ్. అరవై వేల మంది పట్టే ఆ స్టేడియంలోకి ప్రభుత్వం అనుమతించింది 2,000 మందిని. సీజన్ టికెట్ ఉన్నవాళ్లే పదుల వేల మంది. వాళ్లలో ప్రతి ఒక్కరికీ అక్కడ తన సీటంటూ ఒకటుంది. దాని నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

మూడు రోజుల తర్వాత లివర్‌పూల్‌కూ అదే చిక్కు వచ్చింది. యాన్‌ఫీల్డ్‌లో వుల్వ్స్‌తో మ్యాచ్, మళ్లీ 2,000 సీట్లే. మాంచెస్టర్ క్లబ్బులకు మాత్రం ఈ బాధ లేకపోయింది. అక్కడ ఆంక్షలు ఇంకా కఠినంగా ఉండి ఒక్క ప్రేక్షకుణ్ణీ రానివ్వలేదు. పంచేదే లేకపోతే పంపకంలో తగాదా ఎక్కడిది?

ఆ టికెట్ల బల్ల వెనక కూర్చున్నది మీరే అనుకోండి. ఎవరికిస్తారు? ముప్ఫై ఏళ్లుగా డబ్బు కడుతున్న పెద్దాయనకా? పోయిన సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా మానని కుర్రాడికా? రైలెక్కే పని లేకుండా నడిచొచ్చే పక్కవీధి మనిషికా? లేక అందరి పేర్లూ చీటీల మీద రాసి తీస్తారా? ప్రతి జవాబుకూ ఒక న్యాయముంది. ప్రతి జవాబూ ఎవరికో ఒకరికి అన్యాయం చేస్తుంది. ఆర్సెనల్, లివర్‌పూల్ రెండూ చివరికి చీటీలే తీశాయి. అదే ఎందుకు తీశాయి, అది మీకెప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు అన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

నలుగురిలో పంపకం చేయాల్సిన పని ఏదో ఒక రోజు మీ మెడకు పడుతుంది. అభిమానుల సంఘానికి కార్యదర్శి కావచ్చు, స్నేహితులతో కలిసి రెండు సీజన్ టికెట్లు కొనవచ్చు, ఇంట్లో ముగ్గురు పిల్లలుండి చేతికి రెండే టికెట్లు రావచ్చు. నేను ఫుట్‌బాల్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, పంపకానికి మనుషులు కనిపెట్టిన పద్ధతులన్నీ అక్కడ ఏళ్ల తరబడి బహిరంగంగా నలుగుతున్నాయి. తిట్లు కూడా బహిరంగంగానే పడతాయి కాబట్టి నేర్చుకోవడం తేలిక.

ముందు కొరత ఎక్కడుందో చూడాలి. ప్రీమియర్ లీగ్‌లో ఇరవై క్లబ్బులు. ఒక్కో క్లబ్బు సొంత మైదానంలో 19 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ టికెట్ కొన్నవాళ్లకు ఆ పంతొమ్మిదింటికీ సీటు ఖాయం, అక్కడ గొడవ లేదు. గొడవంతా ఎదుటివాళ్ల మైదానంలో ఆడే మ్యాచ్‌ల దగ్గర, అంటే ‘అవే’ (away) మ్యాచ్‌ల దగ్గర వస్తుంది. కప్పు ఫైనళ్ల దగ్గర వస్తుంది. కరోనాలాంటిది వచ్చి సీట్లు కుదించినప్పుడు వస్తుంది. ఒకే టికెట్‌ను నలుగురైదుగురు పంచుకునేచోట వస్తుంది. నాలుగు కొరతలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ఒకదానికి కుదిరిన మందు ఇంకోదానికి కుదరదు.

ధర చేతులెత్తేసిన చోట

లీగ్ నిబంధన ప్రకారం అతిథి జట్టు అభిమానులకు 3,000 టికెట్లివ్వాలి. మైదానం చిన్నదైతే మొత్తం సీట్లలో పదో వంతు ఇస్తే చాలు. బోర్న్‌మత్ మైదానంలో పట్టేది పదకొండు వేల పైచిలుకు మంది. అంటే అక్కడికి మాంచెస్టర్ యునైటెడ్ వెళ్లినా లివర్‌పూల్ వెళ్లినా వాళ్ల చేతికొచ్చేది సుమారు 1,100 టికెట్లు. అందులో ఆటగాళ్ల కుటుంబాలకు, స్పాన్సర్లకు కొన్ని పోతాయి. మిగిలినవి పదుల వేల మంది సీజన్ టికెట్ దారులకు సరిపెట్టాలి.

బజారులో ఏ సరుకైనా ఇంత కరువైతే ధర పెరిగి, కొనగలిగినవాళ్లు కొంటారు, మిగతావాళ్లు ఇంటికి పోతారు. ఇక్కడ ఆ దారి లేదు. 2016-17 సీజన్ నుంచి అవే టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని క్లబ్బులన్నీ ఒప్పుకున్నాయి. అభిమానులు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నదది, మంచిదే. కానీ ధర పీక పట్టుకున్నాక ఎవరికి ఇవ్వాలో ఇంకేదో ఒకటి తేల్చాలి.

ఆ ఇంకేదో ఒకటి ఏదైతే జనం న్యాయమనుకుంటారు? దీన్ని నేరుగా జనాన్నే అడిగినవాళ్లున్నారు. 1986లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ముగ్గురూ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. వీళ్లలో ఇద్దరికి తర్వాత నోబెల్ వచ్చింది. కెనడాలో జనానికి ఫోన్లు చేసి వాళ్లడిగిన ప్రశ్నల్లో ఒకటి అచ్చంగా ఇదే: ఫుట్‌బాల్ మ్యాచ్‌కు టికెట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. వేలం వెయ్యాలా, లాటరీ తియ్యాలా, క్యూ కట్టించాలా? 68 శాతం మంది క్యూయే అన్నింటికంటే న్యాయమన్నారు. 28 శాతం లాటరీ అన్నారు. వేలం అన్నది 4 శాతం.

క్యూ మీద ఇంత నమ్మకం ఎందుకో ఊహించడం కష్టం కాదు. తెల్లవారుజామున లేచి నిలబడ్డవాడు ఏదో ఒకటి ఖర్చు పెట్టాడు, డబ్బు కాకపోయినా నిద్ర. అది అందరి దగ్గరా సమానంగా ఉండే ఆస్తి అనిపిస్తుంది. నిజానికి సమానం కాదు. ఆరేళ్ల పిల్లతో ఒంటరిగా ఉండే తల్లికీ, రాత్రి డ్యూటీ చేసే నర్సుకూ తెల్లవారుజాము చేతిలో ఉండదు. ఇంకో సంగతి, క్యూ కట్టించేవాడికి దాన్ని నిలబెట్టే సత్తా ఉండాలి. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర ఏమైందో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం ఎన్ని టికెట్లున్నాయో తెలియని జనం వేలల్లో వచ్చారు, తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, మనుషులు గాయపడ్డారు. ఎన్ని ఉన్నాయో చెప్పకుండా క్యూ కట్టిస్తే జరిగేది అదే. ఆన్‌లైన్ క్యూ ఒళ్లు విరగ్గొట్టదు, అంతవరకు నయం. కానీ అక్కడ మంచి ఇంటర్నెట్టూ, నాలుగు ఫోన్లూ ఉన్నవాడిదే రాజ్యం.

క్యూ గురించి ఇంతకంటే చెప్పను. మీరు పంచుతున్నది ఎవరెవరికో ముందే తెలిస్తే క్యూతో పనేముంది? సీజన్ టికెట్ దారుల పేర్లు కంప్యూటర్లో ఉన్నాయి.

పాయింట్ల పుట్ట

అందుకే చాలా క్లబ్బులు పాయింట్లకు వచ్చాయి. టోటెన్‌హామ్‌లో లాయల్టీ పాయింట్లంటారు, లివర్‌పూల్‌లో క్రెడిట్లంటారు. పేరేదైనా లెక్క ఒకటే. ఎన్ని మ్యాచ్‌లకు వచ్చావో రాసి ఉంచుతారు, ఎక్కువ ఉన్నవాళ్లకు ముందు అమ్ముతారు, మిగిలితే ఆ కింది వరసకు.

దీని వెనక బలమైన న్యాయముంది. జనవరిలో బుధవారం రాత్రి లండన్ నుంచి న్యూకాసిల్‌కు 450 కిలోమీటర్లు వెళ్లి, వానలో తడిసి, రెండు గోల్స్ తేడాతో ఓడిపోయి, తెల్లారి ఆఫీసుకెళ్లిన మనిషున్నాడు. మే నెలలో ఫైనల్ వచ్చినప్పుడు అతనికీ, ఏడాదంతా టీవీ ముందు కూర్చున్నవాడికీ ఒకే చీటీ అంటే అతని కడుపు మండుతుంది, మండాలి కూడా. అతని పక్షాన నేనూ వాదిస్తాను.

కానీ పాయింట్లు పాయింట్లను పుట్టిస్తాయి. పాయింట్లుంటే టికెట్ వస్తుంది, టికెట్ వస్తే మ్యాచ్‌కు వెళతావు, వెళితే పాయింట్ వస్తుంది. ఒకసారి ఆ చక్రంలో పడ్డవాడు బయటికి రాడు, బయటున్నవాడు లోపలికి పోలేడు. నిరుడే సీజన్ టికెట్ దొరికిన ఇరవై ఏళ్ల అమ్మాయి సంగతి చూడండి. బోర్న్‌మత్ మ్యాచ్‌కు ఆమె పాయింట్లు చాలవు. చాలనందువల్ల అక్కడికి వెళ్లదు. వెళ్లనందువల్ల వచ్చే ఏడూ చాలవు. ఎంత భక్తి ఉన్నా, ఎన్ని సెలవులు పెట్టడానికి సిద్ధపడ్డా లాభం లేదు. ఆమె ముందున్న 1,100 మందిలో ఒకరు ముసలివారై ఆగిపోవాలి. ఆగిపోయినా ఊరుకోరు, కార్డు అల్లుడి చేతికిచ్చి పంపుతారు. పాయింట్ మామగారి ఖాతాలో పడుతుంది. మ్యాచ్ మొహం చూడకుండానే ఆయన విధేయత పెరుగుతూ పోతుంది! కొన్ని క్లబ్బులు ఇప్పుడు అవే టికెట్లను మైదానం దగ్గరే, గుర్తింపు కార్డు చూసి ఇస్తున్నది ఈ అల్లుళ్లను పట్టుకోవడానికే.

పాయింట్లు వద్దనడం లేదు. పుట్ట పెరిగిపోకుండా చూడమంటున్నాను. రెండు పనులు చేస్తే చాలు. మొదటిది, పాత పాయింట్లు చచ్చిపోవాలి. రెండు మూడు సీజన్ల కిందటివి లెక్కలోంచి తీసెయ్యాలి, 1994లో ఏం చేశావన్నది పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండోది, ప్రతి మ్యాచ్‌కూ కొన్ని సీట్లు పాయింట్లతో నిమిత్తం లేకుండా చీటీలకు వదలాలి. ఎన్ని అంటే, నా మట్టుకు నాలుగో వంతు. పదో వంతు వదిలితే బయటివాళ్లకు అది కంటితుడుపులా కనిపిస్తుంది. సగం వదిలితే న్యూకాసిల్ వానలో తడిసినవాడు తిరగబడతాడు.

కొత్తవాళ్లకు తలుపు కాస్త తెరిచి ఉంచడం దయాదాక్షిణ్యం కాదు. పాతవాళ్లతోనే నిండిన సంఘం ఏటా ఒక ఏడు ముసలిదవుతుంది, అవే మ్యాచ్‌లో గొంతు చించుకునేవాళ్లు తగ్గిపోతారు. ఆ సంగతి ముందుగా గమనించేది ఆటగాళ్లు.

చీటీలో తిరకాసు

చీటీ తియ్యడం అందరికీ తేలిక పనిలా కనిపిస్తుంది. పేర్లు రాసి డబ్బాలో వేసి తీస్తే అయిపోతుందనుకుంటారు. నేను చూసినంతలో మాటలు పడేది చీటీ వల్ల కాదు, చీటీకి ముందు చెప్పకుండా వదిలేసిన విషయాల వల్ల.

అన్నింటికంటే పెద్ద తిరకాసు గుంపు దరఖాస్తు. నలుగురు కుటుంబ సభ్యులు కలిసే వెళతామంటారు, న్యాయమే. ఇద్దరికి వచ్చి ఇద్దరికి రాకపోతే నలుగురూ మానేస్తారు. అందుకని చాలామంది కార్యదర్శులు పెద్దమనసుతో ఒక నియమం పెడతారు: నలుగురి పేర్లూ డబ్బాలో వేస్తాం, ఎవరి పేరొచ్చినా నలుగురికీ టికెట్లు. వినడానికి ఎంత బాగుందో! లెక్క వెయ్యండి. ఒంటరిగా వచ్చినవాడికి డబ్బాలో ఒక్క చీటీ ఉంది. ఆ కుటుంబంలో ప్రతి మనిషికీ నాలుగు చీటీలు పనిచేస్తున్నాయి. అంటే వాళ్ల అవకాశం దాదాపు నాలుగింతలు. రెండేళ్లలో ఒంటరివాళ్లందరూ ఈ కిటుకు గ్రహించి ఫేస్‌బుక్‌లో గుంపులు కడతారు. అందుకని గుంపు ఎంతైనా చీటీ ఒక్కటే ఉండాలి. అది వస్తే అందరికీ వస్తుంది, రాకపోతే ఎవరికీ రాదు. అప్పుడు ఒంటరివాడికీ గుంపులో మనిషికీ అవకాశం ఒకటే. చివర్లో రెండే సీట్లు మిగిలి నలుగురి గుంపు చీటీ వస్తే దాన్ని పక్కన పెట్టి తర్వాతది తీస్తాం, ఆ చిన్న నష్టం గుంపుదే. ఈ మాట కూడా ముందే రాసి పెట్టాలి, డబ్బా దగ్గర నిలబడి కాదు.

రెండో తిరకాసు వరసగా వచ్చే అదృష్టం. 2,000 సీట్లకు చీటీలు తీసినప్పుడు ఒకసారి వచ్చినవాడి పేరు మళ్లీ డబ్బాలో వెయ్యకూడదు, అందరి వంతూ తిరిగేదాకా. చీటీకి జ్ఞాపకం ఉండదు, మీరు ఉంచుకోవాలి. లేకపోతే ఒకడికి మూడుసార్లు వస్తుంది. లెక్క ప్రకారం అందులో వింతేమీ లేదు, కానీ ఆ మాట విని నమ్మేవాడు ఒక్కడూ ఉండడు.

ఎంతమంది అడిగారు, ఎన్ని ఇచ్చారు అన్నవి రెండంకెలూ బయట పెట్టండి. తొమ్మిది మందిలో ఒకరికి వచ్చిందని తెలిస్తే రానివాడు నిట్టూర్చి ఊరుకుంటాడు. ఎంతలో ఎన్నో తెలియనప్పుడే కథలు పుడతాయి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల సీట్లు వేరు, వాళ్ల డబ్బా వేరుగా పెట్టండి. అందరితో కలిపి తీస్తే వాళ్లకు వచ్చిన టికెట్ మెట్ల మీదుండే వరసలో పడుతుంది.

చేతికిచ్చాక

ఎంత న్యాయంగా పంచినా ఆ టికెట్ తర్వాత ఎటు పోతుందో చూడకపోతే చేసిందంతా వృథా. 2022 ఏప్రిల్ 14న బార్సిలోనాలో జరిగింది ఇదే. యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్, ఎదుటి జట్టు జర్మనీ నుంచి వచ్చిన ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్. అధికారికంగా వాళ్ల అభిమానులకు ఇచ్చినవి 5,000 టికెట్లు. కాంప్ నౌలో ఆ రాత్రి తెల్ల చొక్కాలతో కనిపించినవాళ్లు దాదాపు ముప్ఫై వేలు. సొంత ఊళ్లో, సొంత మైదానంలో బార్సిలోనా పరాయి జట్టులా ఆడి 3-2తో ఓడింది. సిగ్గుపడ్డానని క్లబ్బు అధ్యక్షుడు జోన్ లపోర్తా బహిరంగంగానే అన్నారు. అన్ని టికెట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, మామూలుగా ఆన్‌లైన్‌లో కొన్నవి కొన్ని, సీజన్ టికెట్ దారుల చేతుల మీదుగా జారినవి కొన్ని.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా మళ్లీ అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. లాభం సంగతి అలా ఉంచండి, ఎదుటి జట్టు అభిమాని మన స్టాండ్‌లో కూర్చుంటే జరిగే కొట్లాట గురించి చేసిన చట్టమది. మీ చిన్న గుంపులోనూ ఇదే వర్తిస్తుంది. టికెట్ వద్దనుకున్నవాడు అసలు ధరకు తిరిగి గుంపుకే ఇవ్వాలి, గుంపులో ఎవరికీ అక్కర్లేకపోతే క్లబ్బు నడిపే మార్పిడి పథకానికి ఇవ్వాలి. అది అమ్ముడైతే ఆ మ్యాచ్ మేరకు డబ్బు వెనక్కి వస్తుంది. చాలా క్లబ్బులు ఇప్పుడు ఏడాదికి కనీసం ఇన్ని మ్యాచ్‌లకు సీటు వాడాలని షరతు పెడుతున్నాయి కాబట్టి ఖాళీగా వదిలేస్తే మొత్తానికే ముప్పు.

ఐదుగురు, రెండు సీట్లు, పంతొమ్మిది మ్యాచ్‌లు

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు ఐదుగురు కలిసి రెండు సీజన్ టికెట్లు నడుపుతున్నారనుకుందాం. ముందుగా క్లబ్బు నిబంధనలు చదవండి. టికెట్ ఒకరి పేరునే ఉంటుంది, ఫోన్లో ఇంకొకరికి పంపడానికి అనుమతి ఉంటుందిగానీ ఎవరికి, ఎన్నిసార్లు అన్నదాంట్లో తేడాలున్నాయి.

తర్వాత పని పంపకం నియమం రాసుకోవడం. దీనికి ముహూర్తం ఒక్కటే, జూన్ నెల మధ్యలో మ్యాచ్‌ల పట్టిక రాకముందు. పట్టిక వచ్చిన మరుక్షణం ప్రతివాడికీ తన న్యాయం కనిపిస్తుంది. చెల్లెలి పెళ్లికి ఊరెళ్లేవాడికి ఒకటి, పెద్ద మ్యాచ్ తన పుట్టినరోజున పడ్డవాడికి ఇంకొకటి. ఎవరికేది లాభమో తెలియనప్పుడు రాసుకున్న నియమానికి ఐదుగురూ తలూపుతారు, తెలిశాక ముగ్గురే ఊపుతారు.

సీటు లెక్కన పంచాలా, మ్యాచ్ లెక్కనా? రెండు సీట్లు, 19 మ్యాచ్‌లు, మొత్తం 38. ఐదుగురికి తలా ఏడు, మూడు మిగులు. కాగితం మీద ఇదే ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో ఒకరి జోకులు ఒకరికి పడని ఇద్దరు డిసెంబరు చలిలో రెండు గంటలు భుజం భుజం రాసుకుని కూర్చోవాల్సి వస్తుంది. మ్యాచ్ లెక్కనే పంచండి. ఎవరి మ్యాచ్‌కు రెండు సీట్లూ వాళ్లవి, భార్యను తీసుకెళతారో, కొడుకునో, గుంపులో ఇంకొకరినో వాళ్లిష్టం. అప్పుడు 19ని ఐదుగురికి పంచితే నలుగురికి నాలుగేసి, ఒకరికి మూడు. ఆ మూడు ఎవరికి?

ఇందుకు పాములా మెలికలు తిరిగే వరస పెట్టుకోండి. మొదటి చుట్టులో ఒకటో మనిషి నుంచి ఐదో మనిషి దాకా తలా ఒక మ్యాచ్ ఎంచుకుంటారు. రెండో చుట్టు ఐదో మనిషితో మొదలై వెనక్కి వస్తుంది. మూడోది మళ్లీ ముందుకు, నాలుగోది మళ్లీ వెనక్కి. పదిహేను మ్యాచ్‌లు పోయాక మిగిలిన నాలుగూ ఐదు, నాలుగు, మూడు, రెండో మనుషులకు వెళతాయి. ఒకటో మనిషి దగ్గర ఆగిపోతుంది. అంటే అన్నింటికంటే మంచి మ్యాచ్ ఏరుకున్నవాడికే మూడు వస్తాయి. ఇంతకంటే చక్కటి సర్దుబాటు కావాలనుకున్నా దొరకదు. ఏటా వరస ఒక మెట్టు జరపండి, ఒకటో మనిషి వచ్చే ఏడు ఐదో మనిషి అవుతాడు. డబ్బు ఎన్ని మ్యాచ్‌లైతే అన్నింటికి.

అంతా సర్దుకుందనుకునేలోపు టీవీ వాళ్లు వస్తారు. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ కదా అని ఏరుకున్నది సోమవారం రాత్రి ఎనిమిదికి మారుతుంది. మార్పు ప్రకటించిన మూడు రోజుల్లోగా గుంపులో పెట్టి మార్పిడి అడగవచ్చు, ఎవరూ ముందుకు రాకపోతే అది మీదే. అనుకోని నష్టం ఎవరి వంతున పడితే వాళ్లదని ముందే అనుకుంటే పెద్ద బాధ ఉండదు.

వాట్సాప్‌లో ఇలాంటి సందేశం కూడా ఒకటి తప్పకుండా వస్తుంది: “అన్నా, ఆ ఆదివారం మ్యాచ్ నాకిచ్చెయ్యవా? మా బాబాయి ఇండియా నుంచి వస్తున్నాడు, ఒక్కసారి చూపిద్దామని.” బాబాయిని కాదనేంత కఠినాత్ములు ఎవరూ ఉండరు. కానీ బాబాయి తర్వాత మేనమామ, ఆయన తర్వాత బావమరిది వస్తారు. జవాబు ఒకటే ఉండాలి: “తప్పకుండా తమ్ముడూ, నీ నాలుగింటిలో ఒకటి నాకివ్వు.” చుట్టాలు ఎవరి వాటాలోంచి వాళ్లకే.

మార్పిడికి మనుషులు ఒప్పుకోకపోవడంలో ఒక మానవ స్వభావం ఉంది, దాన్ని తెలుసుకుంటే కోపం తగ్గుతుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు బాస్కెట్‌బాల్ టికెట్ల కోసం రోజుల తరబడి గుడారాల్లో కాపు కాస్తారు, ఒకప్పుడు ఆ పైన లాటరీ కూడా ఉండేది. అందరూ ఒకేలా కాపు కాసినవాళ్లే. లాటరీలో రానివాళ్లను ఎంతకు కొంటారని పరిశోధకులు జివ్ కార్మన్, డాన్ ఏరియలీ అడిగితే సగటున 170 డాలర్ల దగ్గర ఆగారు. వచ్చినవాళ్లు అమ్మడానికి అడిగింది సుమారు 2,400. నిన్నటిదాకా ఇద్దరిదీ ఒకే ఆశ. టికెట్ చేతిలో పడ్డాక లోకం రెండుగా కనిపించింది. మీ స్నేహితుడు ఒక మామూలు మ్యాచ్‌ను కోహినూర్‌లా పట్టుకుని కూర్చుంటే అది పిసినారితనమని అనుకోకండి.

కప్పు మ్యాచ్‌లు ఈ పంతొమ్మిదిలో లేవు. ఎప్పుడొస్తాయో తెలియదు, ఎవరితోనో తెలియదు, పాము వరస వాటికి పనిచెయ్యదు. వాటికి మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చీటీ పాట ఉంది. మన ఊళ్లలో చీటీ ఎవరికి అవసరమైతే వాళ్లు ఎక్కువ తగ్గించి పాడుకుంటారు, ఆ తగ్గించింది మిగతావాళ్లకు పంచుతారు. అదే చెయ్యండి, డబ్బుతో కాకుండా. సీజన్ మొదట్లో తలా 100 పాయింట్లు రాసుకోండి. కప్పు మ్యాచ్ రాగానే ఎవరెంత పెడతారో గుంపులో ఒకే సమయానికి పంపాలి, ఒకరిది చూసి ఒకరు కాదు. ఎక్కువ పెట్టినవాడికి మ్యాచ్. అతను పెట్టింది 40 అయితే మిగిలిన నలుగురికీ తలా పది చేరతాయి. వదులుకున్నవాడి బలం పెరుగుతూ పోతుంది కాబట్టి తర్వాతి పెద్ద మ్యాచ్ అతనిదే కావచ్చు. పౌండ్లతో పాడితే ఏమవుతుందంటే, ఎంఎస్ చదువుతున్న కుర్రాడు ప్రతిసారీ ఓడి, బ్యాంకులో పనిచేసే పెద్దమనిషి ప్రతిసారీ గెలుస్తాడు. ఐదుగురి జీతాలూ దగ్గర దగ్గరగా ఉంటే పౌండ్లతోనే పాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మిగిలింది ఫైనల్. 2019లో మాడ్రిడ్‌లో లివర్‌పూల్, టోటెన్‌హామ్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడినప్పుడు ఒక్కో క్లబ్బుకు వచ్చినవి 16,613 టికెట్లు. సీజన్ టికెట్ దారులకు కూడా అవి చాలవు. అదే వారం ఆర్సెనల్, చెల్సీ యూరోపా ఫైనల్‌కు అజర్‌బైజాన్‌లోని బాకు వెళ్లాయి. చెరి ఆరు వేలు ఇస్తే అంత దూరం వెళ్లేవాళ్లు లేక అవీ మిగిలాయి. మీ క్లబ్బు ఫైనల్ చేరుతుందో లేదో, చేరితే మీ చేతికి ఎన్ని టికెట్లొస్తాయో జూన్‌లో మీకు తెలియదు.

కాబట్టి ఆ కాగితంలో చివరి నియమం ఇలా రాసుకోండి. ఫైనల్‌కు రెండు టికెట్లొస్తే ఒకటి కార్డు ఎవరి పేరున ఉందో వాళ్లది. ఏడాదంతా క్లబ్బుతో ఉత్తరాలు, డబ్బు గడువులు, పోయిన పాస్‌వర్డులు మోసింది ఆ మనిషే. రెండోది మిగిలిన నలుగురి మధ్య పాయింట్ల పాట. ఒక్కటే వస్తే, గుర్తింపు కార్డు చూపించాల్సిన చోట పేరున్న మనిషే వెళ్లాలి, అప్పుడు ఆ మనిషి వచ్చే సీజన్లో మొదటి రెండు చుట్లు ఎంచుకోకుండా కూర్చోవాలి. పేరు మార్చుకునే వీలుంటే ఐదుగురూ పాటలో ఉండొచ్చు, గెలిచినవాడు ఆ రెండు చుట్లు వదులుకుంటాడు. టికెట్ క్లబ్బు నుంచి రావడానికీ డబ్బు కట్టే గడువుకూ మధ్య సాధారణంగా చాలా కొద్ది రోజులే ఉంటాయి. అందుకని పాట గడువు కూడా కాగితంలోనే పెట్టండి: కబురు వచ్చిన రోజు రాత్రి పదింటికి.